వెండి కప్పులో కొరడాలు

ఆ కప్పును మొదటిసారి చూసినవాళ్ళు దాని అందం గురించే మాట్లాడతారు. మూరెడు ఎత్తు, పాతకాలపు గట్టి వెండి, రెండు పక్కలా గుర్రపు మెడల్లా వంచిన పిడులు, పొట్ట చుట్టూ పరుగెత్తే గుర్రాల చెక్కడం. రెండోసారి చూసినవాళ్ళు మాత్రం అంచు మీద ఆ సొట్ట ఏమిటని అడుగుతారు. అప్పుడు రేసు క్లబ్బు సెక్రటరీకి హుషారొస్తుంది. ఒకప్పుడు ఓడిపోయిన గుర్రం యజమాని ఒకాయన ఈ కప్పు ఎత్తి జడ్జీ నెత్తిన ఒక్కటిచ్చాడనీ, తల పగిలింది గానీ కప్పుకు ఇంతే అయిందనీ, దాన్నిబట్టి వెండి ఎంత మేలురకమో చూసుకోమనీ చెబుతాడు. విన్నవాళ్ళు నవ్వుతారు. ఆ జడ్జీ తర్వాత ఎన్నాళ్ళు బతికాడో ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు.

కప్పు పీఠం చుట్టూ మిరియపు గింజలంత వెండి గుండ్లు వరసగా అతికించి ఉంటాయి. చుట్టులో సగం నిండింది, సగం ఖాళీ. అవేమిటంటే సెక్రటరీ హుషారు తగ్గిపోతుంది. "ఈ రేసులో పోయిన జాకీలు. ప్రమాదాలు" అని ఒక్క ముక్కలో తేల్చేసి పక్క అలమరా వైపు నడుస్తాడు.

మొట్టమొదటి గుండు కథ ప్రమాదమైతే, పీక కోయడం క్షవరం. కప్పు కొత్తగా చేయించిన ఏడాది ఇద్దరు జాకీలు చివరి దాకా సమానంగా వచ్చారట. ఒకడు తన కొరడా పిడిలో సీసం పోయించి తెచ్చాడు. దాంతో పక్కవాడి చెవి మీద కొడితే పుర్రె పగిలి వాడు జీను మీదే చచ్చాడు. ఆ సాయంత్రమే చచ్చినవాడి అన్నదమ్ములు గెలిచినవాణ్ణి కిందికి లాగి, కప్పు వాడి చేతిలో ఉండగానే, ఆ సీసం కొరడాతోనే వాడి ప్రాణం తీశారు. కప్పు ఒక్కటి, శవాలు రెండు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టారు. ఈ రేసుకు ఎవడి కొరడా వాడు తెచ్చుకోకూడదు. ఒకే చేతితో ఒకేలా చేసిన కొత్త కొరడాలు, పిడులు పైకి వచ్చేలా ఈ కప్పులో పెడతారు. జాకీలు కళ్ళకు గుడ్డ కట్టుకుని తలా ఒకటి లాగుతారు. కిందటేడు గెలిచినవాడు ముందు, కొత్తగా వచ్చినవాడు చివర. ఏది ఎవడికి పోతుందో తెలియనప్పుడు అందులో విషం ఎవడు దాస్తాడని పెద్దల లెక్క. ఎవడైనా రేసులో పోతే, వాడి కొరడా పిడి చివరి వెండి పొన్ను ఊడదీసి, కరిగించి, గుండు చేసి పీఠానికి అతికిస్తారు. గెలిచిన జాకీ పేరు కప్పు మీద ఎక్కడా ఉండదు, ఉండేవి గుర్రాల పేర్లూ యజమానుల పేర్లే. జాకీకి కప్పు మీద చోటు కావాలంటే చావాలి.

ఆ కొరడాలు చేసేది ఒక ఆడమనిషి. జాకీలందరికీ ఆమె వదిన. ఆమె మొగుడు వాళ్ళందరిలో పెద్ద జాకీ కావడం వల్ల ఆ వరస కలిసింది. పని అత్తగారి దగ్గర నేర్చుకుంది. సన్నటి కడ్డీకి నూలు బిగించి చుట్టాలి, దాని మీద తోలు పాయలు జడలా అల్లుకుంటూ రావాలి. ఒక చివర పిడి, పిడికి పొన్ను. రెండో చివర రెండు పొరల తోలు నాలుక. గుర్రానికి తగిలేది ఆ నాలుకే. మంచి కొరడా చప్పుడు చేస్తుంది గానీ చర్మం చీల్చదని అత్తగారి మాట.

అన్నీ ఒకేలా ఉండాలన్నది రూలు. కానీ రూలు పెట్టినవాళ్ళు గుర్రమెక్కినవాళ్ళు కాదు కదా. అత్తగారి కాలం నుంచీ వాటిలో ఒకటి ఎడమచేతి వాటానికి అల్లేవాళ్ళు. పాయలు ఎదురు తిరుగుతాయి. కంటికి తెలియదు, పట్టుకుంటే తెలుస్తుంది. కుడిచేతి వాళ్ళకది చేతిలో జారుతుంది కాబట్టి తగలగానే వదిలేస్తారు. ఇప్పటి జాకీల్లో పుర్రచేతివాటం ఒక్కడికే. వాణ్ణి అందరూ పుర్రయ్య అనే పిలుస్తారు. ఎన్నో ఏళ్ళుగా కప్పులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ తడిమి తడిమి తన కొరడా తనే తీసుకునేవాడు. అది అందరికీ తెలిసిన రహస్యం. వదిన వాడికోసం ప్రేమగా ఒకటి చేస్తుందని హాస్యమాడేవాళ్ళు.

ఆ ప్రేమ రెండేళ్ళ కిందట, చివరి మలుపులో చచ్చింది.

కంచె పక్కనే నిలబడి ఆమె కళ్ళారా చూసింది. మొగుడూ పుర్రయ్యా మోకాళ్ళు రాసుకునేంత దగ్గరగా వస్తున్నారు. మొగుడి గుర్రం మెడ ముందుకొచ్చింది. పుర్రయ్య ఎడమచెయ్యి లేచింది. లేచిన చెయ్యి గుర్రం మీదికి దిగలేదు, మొగుడి కణత మీదికి దిగింది. మనిషి జీను మీంచి జారాడు, పాదం మాత్రం రికాబులో ఇరుక్కుంది. బెదిరిన గుర్రం అతన్ని స్టాండు ముందు నుంచి, అంత జనం ముందు నుంచి, గోనెసంచిని ఈడ్చినట్టు ఈడ్చుకుపోయింది. ఆమె చేరేసరికి మొహం ఉండాల్సిన చోట మొహం లేదు.

"గుర్రాన్ని కొట్టబోయాను. ఆయన గుర్రం నామీదికి వాలింది" అన్నాడు పుర్రయ్య విచారణలో. ప్రమాదమన్నారు. మొగుడి కొరడా పొన్ను ఆమే ఊడదీసింది. ఇంకెవరు తీస్తారు, చేసింది ఆమే అయితే?

ఆ తర్వాత పుర్రయ్య అప్పుడప్పుడు ఆమె పనిగది గుమ్మం దాకా వచ్చేవాడు. ఏదో చెప్పబోయేవాడు. ఆమె తలెత్తేది కాదు. కాసేపు నిలబడి, గొంతు సవరించుకుని వెళ్ళిపోయేవాడు. నక్క వినయాలు అనుకునేది ఆమె.

మరుసటేడు రేసు పుర్రయ్యే గెలిచాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే కప్పు పీఠాన్ని రెండు చేతులా పట్టుకుని తల మీదికి ఎత్తాడు. వాడి బొటనవేలు సరిగ్గా చివరి గుండు మీద ఉంది. ఆమె మొగుడి గుండు మీద. అది చూసి ఆమెకు ఏడుపు రాలేదు. ఈ కప్పులోంచే వీడి చావు తీస్తానని అక్కడే, చప్పట్ల మధ్యే, అనుకుంది.

ఏడాదంతా ఆలోచించింది. అంత ఆలోచించినదానికి పెద్దల లెక్కలో ఒక చిల్లు కనిపించింది. ఏది ఎవడికి పోతుందో తెలియదన్నారు కదా, ఒకటి మాత్రం ఎవరికి పోతుందో ఆమెకు తెలుసు. కిందటేడు గెలిచాడు కాబట్టి పుర్రయ్యే ముందు లాగుతాడు. ఎడమచేతి వాటానిది వాడికే పోతుంది. ఆ కొరడా నాలుకలో, రెండు పొరల మధ్య, చెప్పుల మేకు ఒకటి సానబెట్టి పెడితే? మెల్లగా తగిలితే ఏమీ కాదు. ఊపి కొడితే మేకు తోలు చీల్చుకుని గుర్రం తొడలో దిగుతుంది. మంచి ఊపు మీదున్న గుర్రానికి అలాంటి పోటు పడితే అది పిచ్చెత్తి ఎటైనా దూకుతుంది. పుర్రయ్య మొదటి మలుపు నుంచే బాదే రకం. కంచెకు కొట్టుకుని చస్తాడు. ప్రమాదం అంటారు. అనడం వాళ్ళకు అలవాటే.

ఒక్కటే బాధ. ఈసారి రేసులో ఆమె తమ్ముడు కూడా ఉన్నాడు.

తమ్ముణ్ణి అందరూ బుడ్డోడంటారు. అమ్మ పోయాక పసివాడిగా అక్క వెంట ఈ ఇంటికొచ్చాడు. కొత్తచోట నిద్రపట్టక ఏడ్చేవాడు. బావ మంచం పక్కనే పక్క వేసి, పైనుంచి చెయ్యి కిందికి వేలాడేస్తే, ఆ వేలు పట్టుకుని పడుకునేవాడు. బావ దగ్గరే గుర్రమెక్కడం నేర్చుకున్నాడు. ఇప్పుడు మీసాలొచ్చిన జాకీ. పేరున్న రేసులు చాలానే చేశాడు గానీ కప్పు రేసు ఇదే మొదటిసారి.

"ఈ ఒక్క ఏడు ఆగరా" అందామె, కారణం చెప్పకుండా.

"బావ ఎక్కాల్సిన మెట్టక్కా అది. నేనన్నా ఎక్కాలి కదా" అన్నాడు.

కాదనలేకపోయింది. అయినా భయమెందుకని తనకు తనే నచ్చజెప్పుకుంది. బుడ్డోడు కుడిచేతివాడు, చివర లాగుతాడు. ఆ కొరడా వాడి దాకా రాదు. పైగా వాడు బావ నేర్పిన పద్ధతిలో చివరి పరుగు దాకా కొరడా ఎత్తనే ఎత్తడు. పుర్రయ్య అంతకు చాలా ముందే చస్తాడు.

మేకు సానబెట్టింది. నాలుక కుట్టింది. పనివాళ్ళకు ఒక జబ్బుంది, చేసిన వస్తువు పరీక్షించకుండా వదల్లేరు. తలుపేసి, చీర మోకాలి పైకి లాగి, ఎడమకాలి తొడ మీద ఆ కొరడాతో ఒక్కటి కొట్టుకుంది. కేక బయటికి రాకుండా పంటితో పెదవి కొరుక్కుంది. మేకు వేలి గోరంత లోతు దిగి వచ్చింది, రక్తం పిక్క దాకా కారింది. గుడ్డతో కట్టు కట్టుకుని, నాలుక కడిగి, చిరిగిన చోట మళ్ళీ కుట్టు వేసింది. బాగానే పనిచేస్తుందనుకుంది. నొప్పికి వణుకుతూనే తృప్తి పడింది.

రేసుకు ముందురోజు బుడ్డోడు వచ్చాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. అన్నం పెట్టబోతే వద్దన్నాడు.

"బరువు తగ్గాలక్కా. రేపు తూకం గదిలో పరువు పోతుంది" అన్నాడు.

జాకీల ఇళ్ళలో పస్తులు మామూలే. ఆమె పట్టించుకోలేదు. మంచినీళ్ళిచ్చింది. వాడు ఎడమచేత్తో గ్లాసు అందుకుని తాగి, "నువ్వు కంచె దగ్గరే ఉండు, గెలిచి నిన్నే ముందు చూస్తా" అని వెళ్ళిపోయాడు. ఎడమచేత్తో అన్న సంగతి ఆమెకు ఆరోజు తట్టలేదు. తట్టింది, తర్వాత.

రేసు నాడు కప్పును అలమరాలోంచి తీసి తూకం గదిలో బల్ల మీద పెట్టారు. ఆమె కొరడాలు ఒక్కొక్కటే తుడిచి, పిడులు పైకి ఉంచి, కప్పులో దింపింది. పుర్రయ్య గోడకు ఆనుకుని నిలబడి ఆమె చేతులనే చూస్తున్నాడు. చూసుకో, బాగా చూసుకో అనుకుంది. కొరడాలు చేసినవాళ్ళు లాగేటప్పుడు గదిలో ఉండకూడదు. తలుపు వేశారు. ఆమె మెట్లు దిగి కంచె దగ్గరికి పోయి, చివరి మలుపు దగ్గర మొగుడు పడ్డచోటే నిలబడింది.

గుర్రాలు గేటు వైపు వరసగా నడిచి వస్తున్నాయి. ముందు పుర్రయ్య. వాడి చేతిలో కొరడా చూసింది. ఎడమచేతిలోనే ఉంది గానీ వాడు దాన్ని మాటిమాటికీ సర్దుకుంటున్నాడు. చేతికి కుదరని కొరడాను పట్టుకున్నవాడు అలాగే చేస్తాడు. అది వాడి కొరడా కాదని ఆమెకు తెలిసిపోయింది. గబగబా మిగతావాళ్ళ వైపు చూసింది. ఒకడు, ఇంకొకడు, అందరికీ కుడిచేతుల్లో ఉన్నాయి. ఆఖరున బుడ్డోడు. వాడి కొరడా ఎడమచేతిలో ఉంది. చక్కగా, సర్దుకునే పని లేకుండా, వేళ్ళకు అంటుకుపోయినట్టుంది. కుడిచేతి చొక్కా అంచు కింద తెల్లగా కట్టు కనిపించింది.

"ఒరేయ్" అని అరిచింది. స్టాండంతా అరుస్తోంది. వాడు అక్కను చూసి నవ్వాడు, కొరడా ఎత్తి చూపించాడు.

పక్కనే సెక్రటరీ ఉన్నాడు. ఆయన చెయ్యి ఎత్తితే చాలు, గేటు తెరవరు.

"సార్" అంది.

"ఏంటమ్మా?"

మాట నాలుక చివరికి వచ్చింది. కొరడాలో మేకుంది, ఆపండి. అంతే, అంతకు మించి ఒక్క ముక్క అక్కర్లేదు. కానీ ఆ మాట అన్నాక ఎవరు పెట్టారంటారు. ఎందుకు పెట్టావంటారు. పోలీసులొస్తారు. పుర్రయ్య బతికిపోతాడు, బతికిపోయి జాలిగా చూస్తాడు. బుడ్డోడు మళ్ళీ అక్కా అని పిలుస్తాడా? వాడు చివరి పరుగు దాకా కొట్టడు కదా, అసలు కొట్టకపోవచ్చు కదా. మంచి గుర్రం, కొట్టకుండానే గెలవొచ్చు కదా.

"ఏం లేదు సార్" అంది.

గేటు తెరుచుకుంది.

మొదటి మలుపులో బుడ్డోడు మూడోవాడు. కొరడా ఎత్తలేదు. మైదానం అవతలి వైపు పరుగులో రెండోవాడు. ఎత్తలేదు. ఆమె కంచె కర్రను గోళ్ళు విరిగేలా పట్టుకుని, ఎత్తకురా, ఎత్తకురా నాన్నా అని గొణుగుతోంది. పక్కవాళ్ళు ఆమె తమ్ముడు గెలవాలని మొక్కుకుంటోందనుకున్నారు. చివరి మలుపు తిరిగేసరికి వాడు ముందున్నాడు. వెనకే పుర్రయ్య. నేల అదిరిపోతోంది. గెలుపు గీత కనబడుతోంది. అప్పుడు బుడ్డోడు ఎడమచెయ్యి ఎత్తాడు.

ఆమె కంచె కింద నుంచి దూరింది. "కొట్టకు" అని అరిచింది. చెయ్యి దిగింది.

గుర్రం అరిచిన అరుపు మనిషి అరుపులా ఉంది. నాలుగు కాళ్ళూ ఒక్కసారి లేపి పక్కకు దూకింది. కంచె విరిగింది. బుడ్డోడు గాల్లోకి లేచి, విరిగిన స్తంభం మీద మెడతో పడి, అక్కడి నుంచి మట్టిలోకి దొర్లాడు. వెనక వస్తున్న పుర్రయ్య కళ్ళాన్ని రెండు చేతులా లాగి తన గుర్రాన్ని అడ్డం తిప్పాడు. అది బోర్లా పడింది, వాడూ దాంతోపాటే పడ్డాడు. ఆ వెనకవాళ్ళు తిప్పుకోలేకపోయారు. ఒక గుర్రం బుడ్డోడి ఛాతీ మీంచి పోయింది. ఇంకొకటి తల మీంచి పోయింది. ఆ చప్పుడు ఆమె విన్నది.

పుర్రయ్య పాక్కుంటూ వచ్చి వాడి మీద అడ్డంగా పడుకున్నాడు, ఇంక ఏ గుర్రమూ తొక్కకుండా. కానీ ఇంకే గుర్రాలూ లేవు. ఆమె బుడ్డోడి తలను ఒళ్ళోకి తీసుకుంది. చెవిలోంచి రక్తం వెచ్చగా ఆమె తొడ మీదికి కారింది, సరిగ్గా మేకు దిగిన చోటికి. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని సామెత. సామెతలు చెప్పేవాళ్ళదేం పోయింది. గొయ్యి తీసిన మనిషి ఒడ్డున క్షేమంగా ఉండి, తను పెంచిన పిల్లాడు అందులో పడతాడని ఏ సామెతా ఆమెకు చెప్పలేదు.

గుర్రానికి రెండు కాళ్ళూ విరిగాయి. తెరలు అడ్డం పెట్టి కాల్చేశారు. తుపాకీ మోతకు ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. మట్టిలో పడి ఉన్న కొరడాను పుర్రయ్య తీసి, నాలుక వైపు ఒకసారి చూసి, బూటులో దోపుకోవడం కనబడింది.

విచారణ తొందరగానే ముగిసింది. అక్క అడ్డంగా పరుగెత్తడం చూసి గుర్రం బెదిరిందన్నారు. పాపం, ప్రేమ కొద్దీ వెళ్ళిందన్నారు. ప్రమాదం.

మట్టి చేసి వచ్చిన మర్నాడు ఆమె పనిగదిలో కూర్చుని ఉంది. ఎదుట తోలు పరిచి ఉంది, చేతిలో కుట్టే ఆరె ఉంది, చేసే పని లేదు. గుమ్మంలో పుర్రయ్య కనిపించాడు. కుడి భుజం విరిగి చెయ్యి మెడకు వేలాడుతోంది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు, లోపలికి వచ్చాడు.

"వదినా" అన్నాడు.

ఆమె లేచింది. లేచిన విసురులోనే ఆరె వాడి భుజంలో దింపింది. లాగి మళ్ళీ పొడిచింది, ఈసారి చెంప చీలింది. వాడు వెనక్కి పడి బల్లకు కొట్టుకున్నాడు. ఆమె కాలితో తన్నింది, పిడికిలితో నోటి మీద కొట్టింది, జుట్టు పట్టుకుని తలను బల్ల అంచుకేసి కొట్టింది. రెండేళ్ళ పగ, ఈ కొద్దిరోజుల దుఃఖం కలిసి ఆమె చేతుల్లో ఉన్నాయి. వాడికి ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది. దాన్ని ఎత్తలేదు.

"కొట్టండి వదినా" అన్నాడు, నోట్లో రక్తం మింగుతూ. "ఇది చూసి కొట్టండి."

చొక్కాలోంచి కొరడా తీసి నేల మీద పెట్టాడు. నాలుక చీలి ఉంది. మేకు బయటికి ఉంది. దానికి గోధుమరంగు వెంట్రుకలు అంటుకుని ఎండిపోయాయి.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"గుడ్డ కట్టుకుని చెయ్యి పెట్టగానే నాకు ముందు తగిలింది ఇదే" అన్నాడు వాడు. "ఎప్పట్లాగే. పట్టుకున్నా, మళ్ళీ వదిలేశా. పక్కదాన్ని లాగేశా."

"ఎందుకు వదిలేశావు?"

"బుడ్డోడి కుడి మణికట్టు విరిగింది వదినా. ప్రాక్టీసులో పడ్డాడు. నేనే కట్టు కట్టా. మీకు తెలిస్తే ఎక్కనివ్వరని నాచేత ఒట్టేయించుకున్నాడు. ఎడంచేత్తో చేస్తానన్నాడు. కుడిచేతోళ్ళు దీన్ని ముట్టుకోరు కదా, నేను వదిలేస్తే చివరికి వాడికే మిగులుతుంది. మీ ఇంటికి నేను చేసినదానికి, ఇదొక్కటన్నా చేద్దామనుకున్నా."

"మా ఇంటికి ఏం చేశావు నువ్వు?" అంది.

"అన్నను కావాలనే కొట్టా. గుర్రానికి గురిపెట్టలేదు. చంపాలనుకోలేదు గానీ, కొట్టాలనే కొట్టా. ఆ మాట చెప్దామనే రెండేళ్ళూ ఈ గుమ్మం దాకా వచ్చేది. నోరు వచ్చేది కాదు."

ఆ ఒక్క మాట వినడం కోసం ఆమె రెండేళ్ళు నిద్ర మానుకుంది. విన్నాక చల్లబడుతుందనుకున్న కడుపు చల్లబడలేదు. ఒక పాపిష్టివాడు జాలిపడి మంచి చెయ్యబోతే, ఆ మంచితనమే తన తమ్ముణ్ణి చంపింది. అందులో మేకు పెట్టింది తను. ఈ లెక్కను ఎటు తిప్పినా ఆమె దగ్గరికే వస్తోంది.

"దీన్ని తగలబెట్టండి" అన్నాడు పుర్రయ్య, గోడ పట్టుకుని లేస్తూ. "నేను చచ్చినా ఎవరికీ చెప్పను. నాదీ మీదీ చెల్లుకు చెల్లు."

"బుడ్డోడిది ఏ పద్దులో రాస్తావు?" అంది.

వాడు రక్తం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పొయ్యి పక్కనే ఉంది, నిప్పు కూడా ఉంది. కొరడా చేతిలోకి తీసుకుని ఆమె పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. బూడిదైతే ఎవరికీ తెలియదు. మళ్ళీ ఏడాది మళ్ళీ కొరడాలు చేసుకోవచ్చు, అందరూ జాలిగా వదినా అంటారు. "ఏంటమ్మా?" అన్న సెక్రటరీ గొంతు చెవిలో వినబడుతూనే ఉంది. ఏం లేదు సార్, ఏం లేదు సార్ అని తన గొంతు కూడా.

మర్నాడు ఉదయం కప్పు గదిలో అందరూ నిలబడ్డారు. పోయినవాడి కొరడాను ఒకసారి కప్పులో పెట్టి, ఆ తర్వాత పొన్ను తియ్యడం పద్ధతి. జాకీలు టోపీలు తీసి వరసగా ఉన్నారు. చెంపకు కుట్లతో పుర్రయ్య చివర ఉన్నాడు. కొరడా తనే తెస్తానని ఆమె ముందే కబురు పంపింది. వెండిపనివాడు చిన్న డబ్బీ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సెక్రటరీ గొంతు సవరించుకుని, "ఈ దురదృష్టకరమైన ప్రమాదంలో" అని మొదలుపెట్టాడు.

ఆమె నడిచి వచ్చి కొరడాను కప్పులో పెట్టింది. పిడి కిందికి, నాలుక పైకి.

"పిడి పైకి ఉండాలమ్మా" అన్నాడు సెక్రటరీ మెల్లగా, మతి చలించిందేమోనన్న జాలితో.

"తెలుసు సార్. ఈసారి ఇటువైపు చూడండి."

చూశారు. చీలిన తోలు మధ్య మేకు, మేకుకు వెంట్రుకలు. సెక్రటరీ గబుక్కున కొరడా తియ్యబోయాడు. ఆమె కప్పు పిడిని గట్టిగా పట్టుకుంది.

"ఆరోజు ఏంటమ్మా అని అడిగారు. ఏం లేదన్నాను. ఉంది సార్. ఈ మేకు ఉంది. నేనే పెట్టాను. పుర్రయ్య కోసం పెట్టాను, నా తమ్ముడికి తగిలింది. గేటు తెరవకముందే నాకు తెలుసు. చెప్పలేదు. ఇకనుంచి ఈ కప్పు చూడ్డానికి ఎవరొచ్చినా, నా తమ్ముడి గుండు దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం అనకండి."

వరస చివర నుంచి పుర్రయ్య కదిలాడు. బల్ల దగ్గరికి వచ్చి, ఎడమచేతి బొటనవేలు చివరి గుండు మీద పెట్టాడు.

"ఇది కూడా కాదు సార్. ఇది నేను" అన్నాడు.

సెక్రటరీ మిగతా గుండ్ల వైపు ఒకసారి చూసి కళ్ళు తిప్పుకున్నాడు. ఎవరో తలుపు వైపు పరుగెత్తారు, పోలీసుల కోసమే అయ్యుంటుంది. ఆమె తొందరపడలేదు. కొరడా తీసి, బొడ్లో ఉన్న చిన్న కత్తితో పిడి చివర కుట్లు ఒక్కొక్కటే విప్పింది. పొన్ను ఊడి అరచేతిలో పడింది. దాన్ని వెండిపనివాడి డబ్బీలో వేసింది.

"మా ఆయన పక్కనే పెట్టు. ఆనుకునేలా పెట్టు" అంది. "బుడ్డోడికి కొత్తచోట నిద్రపట్టదు."